డేవిస్-బెస్సీ రియాక్టర్ మూత: మెయింటెనెన్స్, సేఫ్టీ రిపోర్టులపై తరచుగా అడిగే ప్రశ్నలు

2002లో అమెరికాలోని డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ మూతను తుప్పు తినేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, రేడియేషన్ బయటికి రాలేదు. అందుకే చెర్నోబిల్, ఫుకుషిమా పేర్లు తెలిసినవాళ్లలో కూడా చాలామంది దీని గురించి విని ఉండరు. అణు కేంద్రంలో మరమ్మతులు ఎలా జరుగుతాయి, లోపం కనిపిస్తే ఆ కాగితం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది, దారిలో ఎక్కడ ఆగిపోతుంది అన్నది తెలుసుకోవాలంటే మాత్రం ముందు చదవాల్సింది దీన్నే.

ఈ కేంద్రం ఎక్కడుంది? ఎవరిది?

ఒహైయో రాష్ట్రంలో, ఓక్ హార్బర్ అనే ఊరి దగ్గర, ఈరీ సరస్సు ఒడ్డున ఉంది. ఒకటే రియాక్టరు, సుమారు 900 మెగావాట్లు, బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ కంపెనీ తయారీ. 1978 నుంచి వాణిజ్య స్థాయిలో కరెంటు ఇస్తోంది. ఈ సంఘటన జరిగినప్పుడు నడిపింది ఫస్ట్‌ఎనర్జీ న్యూక్లియర్ ఆపరేటింగ్ కంపెనీ.

రియాక్టర్ మూత ఎలా ఉంటుంది? దానికి అన్ని కన్నాలెందుకు?

రియాక్టర్ వెసెల్ ఒక పెద్ద ఉక్కు పాత్ర. లోపల ఇంధనం, దాని చుట్టూ 300 డిగ్రీల సెల్సియస్ దాటిన నీళ్లు. అంత వేడిలోనూ నీళ్లు మరగకుండా ఉండాలంటే విపరీతమైన ఒత్తిడి కావాలి. ఇక్కడ అది చదరపు అంగుళానికి దాదాపు 2,200 పౌండ్లు. పాత్రపైన గుమ్మటం ఆకారంలో మూత ఉంటుంది, దాన్ని భారీ బోల్టులతో బిగిస్తారు. మూత మందం ఆరున్నర అంగుళాల పైచిలుకు.

అది తుప్పు పట్టే రకం ఉక్కు కాబట్టి, నీళ్లు తగిలే లోపలి వైపు పలచటి స్టెయిన్‌లెస్ స్టీల్ పూత వేస్తారు. దాని మందం అంగుళంలో మూడో వంతు దగ్గరే. ఆ పూత తుప్పును ఆపడానికి వేసింది. ఒత్తిడిని మోయాల్సింది దాని పైనున్న ఉక్కే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

మూతలోంచి 69 గొట్టాలు పైకి వస్తాయి. వీటిని నాజిళ్లు అంటారు. చైన్ రియాక్షన్‌ను తగ్గించే, ఆపే కంట్రోల్ రాడ్లను కిందికీ పైకీ నడిపే ఏర్పాటు వీటి గుండానే ఉంటుంది. వీటిని అల్లాయ్ 600 అనే నికెల్ మిశ్రమంతో చేశారు. ఏళ్ల తరబడి వేడి నీళ్లలో ఉంటే ఈ లోహానికి వెల్డింగు దగ్గర సన్నటి పగుళ్లు వస్తాయని 1991లోనే ఫ్రాన్స్‌లో బయటపడింది.

నీళ్లలో బోరిక్ ఆమ్లం ఎందుకు కలుపుతారు? క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడరు అదే కదా?

అదే. బోరాన్ న్యూట్రాన్లను పీల్చుకుంటుంది. ఇలా నీళ్లను ఒత్తిడిలో ఉంచి మరగనివ్వని ప్రెషరైజ్డ్ వాటర్ రియాక్టర్లలో నీళ్లలో దాని పాళ్లు పెంచుతూ తగ్గిస్తూ చైన్ రియాక్షన్‌ను అదుపు చేస్తారు. నీళ్లు ఎక్కడైనా కారితే, తేమ ఆవిరై తెల్లటి పొడి మిగులుతుంది. ప్లాంటులో ఫ్లాంజి (గొట్టాలను కలిపి బిగించే అంచు) దగ్గరో వాల్వు దగ్గరో తెల్లగా పేరుకుంటే "ఇక్కడ లీకుంది" అని అర్థం. పొడి ఎర్రగానో గోధుమ రంగులోనో ఉంటే ఉక్కు కూడా దాంతో పాటు పోతోందని అర్థం.

ఇంత మందం ఉక్కును అంత మెత్తటి ఆమ్లం ఎలా తినేసింది?

మూత వేడిగా ఉంటుంది, దాని మీద పడ్డ ఆమ్లం వెంటనే ఎండిపోతుంది, ఎండిన పొడి ఉక్కును ఏమీ చేయదు అని అక్కడి ఇంజనీర్లు నమ్మారు. ఎండిన పొడి విషయంలో వాళ్ల లెక్క దాదాపు సరైనదే. కానీ పగులులోంచి నీళ్లు నిరంతరం ఊరుతూ ఉంటే ఆవిరయ్యే వేడికి అక్కడి ఉక్కే చల్లబడుతుంది, తడి నిలుస్తుంది, ఆమ్లం చిక్కబడుతుంది. 3వ నంబరు నాజిల్ పక్కన జరిగింది ఇదే. పైన గడ్డకట్టిన పొడి కప్పేయడంతో కింద ఏం జరుగుతోందో కనిపించలేదు.

చివరికి ఎలా బయటపడింది?

2002 ఫిబ్రవరి 16న ఇంధనం మార్పు కోసం ప్లాంటు ఆపారు. అల్ట్రాసోనిక్ పరీక్షలో 1, 2, 3 నాజిళ్లలో గోడకు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా పడిన పగుళ్లు కనిపించాయి. అంతవరకూ ఊహించినదే. మార్చి మొదటి వారంలో 3వ నాజిల్‌ను బాగుచేస్తుంటే, మెషీనింగ్ పరికరం బయటికి తీసే సమయంలో నాజిల్ పక్కకు ఒరిగింది. ఆరున్నర అంగుళాల ఉక్కులో బిగిసి ఉండాల్సిన గొట్టం ఒరగడమేమిటి? పొడి తవ్వి, కడిగి చూస్తే సుమారు 7 అంగుళాల పొడవు, 4 నుంచి 5 అంగుళాల వెడల్పుతో గొయ్యి కనిపించింది. అందులో కొబ్బరికాయను పెట్టేయొచ్చు. లోతు మూత మందమంతా ఉంది. అడుగున మిగిలింది లోపలి స్టెయిన్‌లెస్ పూత ఒక్కటే. లోపలి ఒత్తిడికి అది కూడా కాస్త పైకి ఉబ్బి ఉంది.

అంతకుముందు ఎవరికీ ఏమీ కనిపించలేదా?

కనిపించింది. చాలా మందికి, చాలా చోట్ల, కొన్నేళ్ల పాటు కనిపించింది.

రియాక్టర్ ఉన్న కంటైన్‌మెంట్ భవనంలో గాలిని చల్లబరిచే కూలర్లు ఉంటాయి. 1998 చివరి నుంచి వాటి మీద బోరిక్ ఆమ్లం పేరుకుపోవడం మొదలైంది. మనుషులు లోపలికి వెళ్లి పదే పదే కడగాల్సి వచ్చేది. 1999లో కడిగినప్పుడు ఆ పొడి తుప్పు రంగులో ఉందని రాసుకున్నారు. కూలర్లకే తుప్పు పట్టిందేమో అనుకున్నారు.

అదే భవనంలో గాలిని లాగి రేడియేషన్ కొలిచే మానిటర్ల ఫిల్టర్లు మామూలుగా నెలకోసారి మార్చేవాళ్లు. అవి త్వరత్వరగా మూసుకుపోయేవి. 2001 నవంబరు నాటికి రోజు విడిచి రోజు మార్చాల్సి వచ్చింది. ఫిల్టరు మీద పట్టిన పొడిని 1999లోనే ల్యాబుకు పంపారు. అది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు, అని ల్యాబు తేల్చింది. అప్పుడు చేసిన పని చూడండి: గాలిలో ఎగిరే ఆ తుప్పును పట్టుకోవడానికి భవనంలో హెపా ఫిల్టర్లు పెట్టించారు! ఆ తుప్పు ఏ ఇనుముది, ఎక్కడిది అన్న ప్రశ్న మాత్రం తేలకుండానే ఉండిపోయింది.

2000 ఏప్రిల్‌లో ఇంధనం మార్పు సమయంలో తీసిన ఫొటో ఒకటుంది. మూత చుట్టూ ఉన్న నిర్మాణం అడుగున చిన్న చిన్న కంతలుంటాయి, ప్లాంటులో వాటిని ఎలుక కన్నాలనేవారు. వాటిలోంచి ఎర్రటి ముద్ద కారి బోల్టుల మీదికి దిగింది. లోపం కనిపిస్తే ప్లాంటు లోపల రాసే కండిషన్ రిపోర్టుకు ఆ ఫొటోను జతచేశారు కూడా.

అన్నీ రాసుకున్నారు కదా, మరి ఎందుకు పట్టుకోలేకపోయారు?

నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కూలర్ల సంగతి కూలర్ల ఇంజనీరు దగ్గర, ఫిల్టర్ల సంగతి రేడియేషన్ విభాగంలో, మూత సంగతి మరో ఇంజనీరు దగ్గర ఉండిపోయింది. ప్రతి రిపోర్టుకూ ఒక పని పుట్టింది, ఆ పని జరిగింది, రిపోర్టు మూసేశారు. కడిగారు, మూసేశారు. ఫిల్టరు మార్చారు, మూసేశారు. లక్షణానికి మందు వేసిన ప్రతిసారీ ఫైలు పరంగా సమస్య తీరిపోయినట్టే లెక్క. మూడు ఫైళ్లనూ ఒక బల్ల మీద పెట్టి చూసే బాధ్యత ఎవరిదీ కాదు.

దీనికి తోడు చేతిలో ఒక సిద్ధమైన సమాధానం ఉంది. మూతకు పైన, కంట్రోల్ రాడ్ల మోటార్ల దగ్గరుండే ఫ్లాంజిల గాస్కెట్లు ఈ రకం రియాక్టర్లలో తరచూ కారేవి. మూత మీద ఎంత పొడి కనిపించినా "అది ఫ్లాంజి లీకుదే" అనేవారు. చాలాసార్లు అది నిజం కూడా. అందుకే దాని వెనక ఇంకో లీకు దాక్కోగలిగింది.

మూతను నేరుగా చూడొచ్చు కదా?

చూడటం అంత తేలిక కాదు. మూతకూ దానిపైన ఇన్సులేషన్‌కూ మధ్య ఖాళీ చాలా తక్కువ. ఆ ఎలుక కన్నాల్లోంచి కర్రకు కెమెరా కట్టి దూర్చాలి. నడిమధ్య భాగం సరిగా కనిపించదు. గొయ్యి పడింది సరిగ్గా ఆ భాగంలోనే. పెద్ద కిటికీలు కోయాలనే ప్రతిపాదన 1990లోనే వచ్చింది. అది ఔటేజ్ (ఇంధనం మార్పు కోసం ప్లాంటు ఆపే విరామం) తర్వాత ఔటేజ్‌కు వాయిదా పడుతూ వచ్చింది. ఇదే కంపెనీ చేసిన మిగతా రియాక్టర్లలో చాలావాటికి అప్పటికే ఆ కిటికీలున్నాయి.

2000లో వేడినీళ్లతో మూత కడగబోయారు. పొడి రాయిలా గట్టిపడింది, మొత్తం పోలేదు. ప్లాంటు మళ్లీ మొదలుపెట్టాల్సిన తేదీ వచ్చేసింది. వర్క్ ఆర్డరులో మాత్రం పని అనుకున్నట్టే పూర్తయిందని రాశారు. ఔటేజ్‌లో రోజు ఆలస్యమైతే ఎంత నష్టమో తెలిసినవాళ్లకు ఆ సంతకం వెనక ఒత్తిడి అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన అది ఒప్పైపోదు.

లీకేజీకి ఒక పరిమితి ఉండదా? అది దాటలేదా?

దాటలేదు. ఎక్కడినుంచో తెలియని లీకు నిమిషానికి 1 గాలన్, అంటే 3.8 లీటర్లు, దాటితే ప్లాంటు ఆపాలి. ఇక్కడది చాలావరకు 0.2 గాలన్ల దగ్గరే ఉంది. కానీ ఆ నియమంలోనే ఇంకో వాక్యం ఉంది: ఒత్తిడిని మోసే లోహం గుండా కారే లీకు బొట్టయినా ఉండకూడదు. మూత నాజిల్‌కు పడ్డ పగులు దీని కిందికే వస్తుంది. ఎక్కడినుంచో తెలియనంత కాలం దాన్ని మొదటి లెక్కలో వేసుకోవచ్చు, తెలిస్తే వెంటనే ఆపాలి. వెతక్కపోవడానికి ఇంతకంటే మంచి కారణం ఏం కావాలి అని ఎవరైనా ఎద్దేవా చేస్తే కాదనలేం. కొలత పరిమితి లోపలే ఉన్నా అంతకుముందు కంటే పెరిగింది. చూడాల్సింది ఆ పెరుగుదలను.

నియంత్రణ సంస్థ నిద్రపోయిందా?

పూర్తిగా నిద్రపోలేదు, అదే బాధ. 2001లో దక్షిణ కరోలినాలోని ఓకనీ కేంద్రంలో ఇదే రకం నాజిళ్లకు చుట్టూ తిరిగే పగుళ్లు దొరికాయి. అలాంటి పగులు పూర్తయితే నాజిల్ మూతలోంచి ఎగిరిపోతుంది. వెంటనే 2001 ఆగస్టులో అమెరికా న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్, అంటే ఎన్ఆర్‌సీ, బులెటిన్ ఇచ్చింది: ప్రమాదం ఎక్కువున్న ప్లాంట్లు డిసెంబరు 31లోగా తనిఖీ చేయాలి. డేవిస్-బెస్సీ మాత్రం మార్చి చివర్లో ఎలాగూ ఔటేజ్ ఉందని, అప్పటిదాకా నడపనివ్వమని అడిగింది. ఎన్ఆర్‌సీ సిబ్బంది ప్లాంటు మూసేయమనే ఆదేశం ముసాయిదా కూడా రాసుకున్నారు. చివరికి ఫిబ్రవరి 16 అని రాజీ కుదిరింది.

ఆ రాజీకి ఆధారం కంపెనీ రాసిన ఉత్తరాలు, ప్రజెంటేషన్లు. పాత తనిఖీల్లో మూత బాగానే చూశామన్న అర్థం వచ్చేలా అవి ఉన్నాయి. ఆ ఎర్ర ఫొటో నిర్ణయం తీసుకునే అధికారుల ముందుకు రాలేదు. ఎన్ఆర్‌సీ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ 2002 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ఇంకో మాట కుండబద్దలు కొట్టింది: కంపెనీకి ఆర్థిక భారం తగ్గించాలన్న ఆలోచన ఎన్ఆర్‌సీ నిర్ణయంలో పెద్ద పాత్ర పోషించింది.

అసలు రిపోర్టు ఎప్పుడు, ఎవరికి ఇవ్వాలి?

అమెరికా పద్ధతి అంచెలంచెలుగా ఉంటుంది. ప్లాంటులో ఎవరికి లోపం కనిపించినా లోపల కండిషన్ రిపోర్టు రాయాలి. ఏదైనా తీవ్రమైనదైతే ఎన్ఆర్‌సీ నిబంధనల్లో 50.72 నంబరుది, దాని కింద ఎన్ఆర్‌సీ ఆపరేషన్స్ సెంటరుకు ఫోన్ చేయాలి, తీవ్రతను బట్టి ఒక గంట, నాలుగు గంటలు, ఎనిమిది గంటల గడువు. తర్వాత 50.73 కింద కారణాలతో లిఖితపూర్వక నివేదికకు 60 రోజులు. 50.9 నిబంధన ఇంకోటి: ఇచ్చే సమాచారం పూర్తిగా, సరిగా ఉండాలి. డేవిస్-బెస్సీ కోర్టు దాకా వెళ్లింది ముఖ్యంగా ఈ సరైన సమాచారం విషయంలోనే. 50.65ను మెయింటెనెన్స్ రూల్ అంటారు. ముఖ్యమైన పరికరాల పనితీరును లెక్కగట్టి గమనించాలని అది చెబుతుంది, 1996 నుంచి అమల్లో ఉంది.

సిబ్బందిలో ఒకరు నేరుగా ఎన్ఆర్‌సీకి చెబితే ఉద్యోగం పోదా?

చట్టప్రకారం తీసేయకూడదు. 50.7 నిబంధన రక్షణ ఇస్తుంది. ఆచరణలో ఎలా ఉంటుందన్నది ఆ ప్లాంటు యాజమాన్యాన్ని బట్టే.

ఆ పూత చిరిగిపోయి ఉంటే ఏమయ్యేది?

వేడినీళ్లు ఆవిరిగా కంటైన్‌మెంటులోకి దూసుకొచ్చేవి. ఎమర్జెన్సీ పంపులు చల్లటి నీళ్లు లోపలికి పంపేవి. ప్లాంటు డిజైన్‌లో ఇలాంటి లీకుకు లెక్క ఉంది, కాబట్టి ఇంధనం ఉండే కోర్ కరగడం ఖాయమని చెప్పలేం. కానీ షట్‌డౌన్ సమయంలో వెతికితే ఇంకో రెండు లోపాలు దొరికాయి. కారిన నీళ్లు చేరే సంప్ జల్లెడ చెత్తతో మూసుకుపోయే అవకాశం ఉంది. ఆ నీళ్లతో వచ్చే చెత్తకు హై ప్రెషర్ పంపులు దెబ్బతినే అవకాశమూ ఉంది. అంటే మూత పోతే ఆదుకోవాల్సిన పరికరాల మీద కూడా పూర్తి భరోసా లేదు. ఎన్ఆర్‌సీ దీన్ని తీవ్ర ప్రమాదానికి దారితీయగల సంఘటనల జాబితాలో చేర్చింది.

ఎవరికైనా శిక్ష పడిందా?

2005లో ఎన్ఆర్‌సీ 54.5 లక్షల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. అప్పటికి అదే దాని చరిత్రలో అతి పెద్దది. 2006 జనవరిలో న్యాయశాఖతో ఒప్పందం చేసుకుని కంపెనీ 2.8 కోట్ల డాలర్లు కట్టింది, తన ఉద్యోగులు ఎన్ఆర్‌సీకి తెలిసే తప్పుడు సమాచారం ఇచ్చారని ఒప్పుకుంది. ఇద్దరు ఇంజనీర్లు దోషులుగా తేలారు. మరొకరు నిర్దోషిగా బయటపడ్డారు. ఫొటో జతచేసి రిపోర్టు రాసిన అంచెలో ఉన్నవాళ్లే బోనెక్కి, వాయిదాల మీద వాయిదాలు వేసిన పై అంచె బయట ఉండటం నాకైతే మింగుడుపడదు. ప్లాంటు 2004 మార్చి దాకా, అంటే రెండేళ్లు మూతపడింది.

ఒక ప్లాంటులో తేడా వస్తే మిగతా ప్లాంట్లకు ఎలా తెలుస్తుంది?

ఇక్కడ కూడా డేవిస్-బెస్సీకే ఒక పాత కథ ఉంది. 1977 సెప్టెంబరు 24న ఇదే రియాక్టర్‌లో ఒత్తిడి వదిలే రిలీఫ్ వాల్వు తెరుచుకుని మూసుకోలేదు. ఆపరేటర్లు నీటిమట్టం మీటరు చూసి నీళ్లు నిండుగా ఉన్నాయనుకుని ఎమర్జెన్సీ పంపులు ఆపేశారు. రియాక్టర్ 9 శాతం పవర్ మీదే ఉంది, 20 నిమిషాల్లో వాల్వు సంగతి పట్టుకున్నారు కాబట్టి గండం గడిచింది. తయారీ కంపెనీలో కొందరు ఇంజనీర్లు ఆపరేటర్లందరినీ హెచ్చరించాలని లోపల మెమోలు రాశారు. అవి బయటికి పోలేదు. 18 నెలల తర్వాత, 1979 మార్చి 28న, అదే కంపెనీ చేసిన త్రీ మైల్ ఐలండ్ రియాక్టర్‌లో అదే రకం వాల్వు, అదే పొరపాటు. ఈసారి కోర్‌లో సగం దాకా కరిగింది.

ఆ ఏడాది చివరే అమెరికా కంపెనీలు కలిసి ఐఎన్‌పీఓ అనే సంస్థ పెట్టుకున్నాయి. చెర్నోబిల్ తర్వాత 1989లో ప్రపంచస్థాయిలో అలాంటిదే వానో అనే సంస్థ వచ్చింది. సంఘటనల వివరాలు ఒకరికొకరు పంపుకోవడం వీటి ముఖ్యమైన పని.

మరమ్మతు చేసేటప్పుడు కట్టే ట్యాగుల వల్ల కూడా ప్రమాదం జరుగుతుందా?

అదే త్రీ మైల్ ఐలండ్‌లో, రెండు రోజుల ముందు పరీక్ష కోసం మూసిన ఎమర్జెన్సీ ఫీడ్‌వాటర్ వాల్వులు మూసే ఉండిపోయాయి. కంట్రోల్ రూములో ఆ సంగతి చూపించే దీపాల్లో ఒకదాన్ని వేరే పరికరానికి కట్టిన మెయింటెనెన్స్ ట్యాగు కప్పేసింది. ఎనిమిది నిమిషాల తర్వాత గానీ గమనించలేదు. అప్పటినుంచి పని అయ్యాక వాల్వును తిరిగి యథాస్థితికి తెచ్చారా అని ఇంకో మనిషి స్వతంత్రంగా చూసి సంతకం పెట్టే పద్ధతి మీద పట్టుదల పెరిగింది.

మన దేశంలో ఇలాంటివి జరిగాయా?

తుప్పు, పాత హెచ్చరిక, రెంటికీ ఉదాహరణలున్నాయి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ లీకై మంటలు లేచాయి. కేబుళ్లు కాలిపోయి దాదాపు 17 గంటలు ప్లాంటుకు కరెంటు లేదు. సిబ్బంది డీజిల్ పంపులతో ఫైర్ నీళ్లను స్టీమ్ జనరేటర్లకు పంపి రియాక్టర్‌ను చల్లార్చారు. ఆ బ్లేడ్ల లోపం గురించి డిజైన్ చేసిన కంపెనీ ముందే చెప్పినా మార్చలేదని, ఆ ఏడాదే అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ పగ్గాలు చేపట్టిన ఎ. గోపాలకృష్ణన్ తర్వాత రాశారు.

2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రాపార్ మొదటి యూనిట్‌లో కూలంట్ గొట్టం పగిలి భారజలం కారింది. ప్లాంట్ ఎమర్జెన్సీ ప్రకటించారు. 220 మెగావాట్ల రియాక్టర్‌లో ఇలాంటి జిర్కోనియం మిశ్రమ గొట్టాలు 306 ఉంటాయి. ఇవి తయారయ్యేది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో. తీసి చూస్తే గొట్టాల బయటి వైపు, కార్బన్ డయాక్సైడ్ ప్రవహించే ఖాళీ వైపున, తుప్పు మచ్చలు కనిపించాయి. గొట్టాలన్నీ మార్చేసి, 2019లో యూనిట్‌ను మళ్లీ నడిపారు. మొదటి యూనిట్ లీకుకు కొన్ని నెలల ముందే, 2015 జులైలో, పక్కనున్న రెండో యూనిట్‌లో కూడా గొట్టం లీకైంది.

కొవ్వాడలో ప్లాంటు వస్తే ఈ బోరిక్ ఆమ్లం సమస్య ఉంటుందా?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు ప్రతిపాదించినవి వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 రియాక్టర్లు. అవి ప్రెషరైజ్డ్ వాటర్ రకమే, కాబట్టి బోరిక్ ఆమ్లం ఉంటుంది. ఇప్పటికే నడుస్తున్న కూడంకుళంలోనూ ఉంది. కాక్రాపార్ లాంటి భారజల రియాక్టర్ల కూలంట్‌లో ఉండదు. కొత్త డిజైన్లలో నాజిళ్లకు అల్లాయ్ 600 బదులు పగుళ్లను బాగా తట్టుకునే అల్లాయ్ 690 వాడుతున్నారు. అయినా తెల్లపొడి కనిపిస్తే ఎక్కడిదో తేల్చాల్సిందే, లోహం మారినంత మాత్రాన ఆ పని తప్పదు.

డేవిస్-బెస్సీలో కొత్త మూత పెట్టారా?

మిషిగన్‌లోని మిడ్‌లండ్‌లో సగంలో ఆగిపోయిన ప్లాంటు మూత తెచ్చి పెట్టారు. దాని నాజిళ్లూ అల్లాయ్ 600వే. 2010లో వాటికీ పగుళ్లు వచ్చాయి. 2011లో అల్లాయ్ 690 నాజిళ్ల మూత వచ్చింది. దాన్ని లోపలికి తీసుకెళ్లడానికి భవనం గోడ కోస్తే, కాంక్రీటులో పొరలు విడిపోయిన పగుళ్లు కనిపించాయి. 1978 మంచుతుఫానులో తడి లోపలికి ఇంకడం, గోడకు వాటర్‌ప్రూఫ్ పూత లేకపోవడం కారణమని తేల్చారు.

ఈ రిపోర్టులు మామూలు మనుషులు చదవొచ్చా?

అమెరికావి చదవొచ్చు. ప్లాంట్లు ఫోన్‌లో చెప్పిన సంఘటనలను ఎన్ఆర్‌సీ తన వెబ్‌సైటులో పెడుతుంది. 60 రోజుల నివేదికలు, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు కూడా అక్కడే వెతకొచ్చు, డేవిస్-బెస్సీ ఎర్ర ఫొటోతో సహా. మన దగ్గర ఏఈఆర్‌బీ వార్షిక నివేదికలో ఆ ఏడాది సంఘటనలు, అణు సంఘటనల తీవ్రతను చూపే అంతర్జాతీయ ఐఎన్ఈఎస్ స్కేలు మీద వాటి స్థాయి ఉంటాయి. అమెరికా రిపోర్టులతో పోలిస్తే వివరం తక్కువ. మొదలుపెట్టేవాళ్లు ఒకటే ప్లాంటును ఎంచుకుని, దాని రిపోర్టులు వరుసగా రెండు మూడేళ్లవి చదివితే మంచిది. ఒకే పంపు పేరో వాల్వు పేరో మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడ ఆగి, పాతవి తిరగేయండి.